యహా క్యా హై?



పోయిన నెల గోదావరిఖనిలో ఒక వలీమా దావత్‌కు పోయాను. దస్తర్‌ఖాన్ మీదికి బగారా ఖానా, దాల్చా వచ్చాయి. గుఫ్తగూ పిల్లల సెలవుల మీదికి మళ్లింది. నా ఎదురుగా కూర్చున్న భాయ్‌ది కంపెనీ నౌకరీ, మాషాఅల్లా మంచి జీతం. ఎండాకాలంలో పిల్లల్ని ఊటీ తీసుకుపోయిన ముచ్చట చెప్తున్నాడు. రైలు ఎక్కింది, దిగింది, బస్సులో చిన్నోడికి వాంతులైంది, రూము కిరాయి ఎంతయింది, అంతా చెప్పాడు. ఊటీలో ఏం చూశారన్నది మాత్రం రెండు ముక్కల్లో అయిపోయింది. "మరి ఇక్కడ మన దగ్గర్లో ఏమేం చూపించారు పిల్లలకు?" అని అడిగాను. ఆయన చేతిలో బోటీ పక్కన పెట్టి నవ్వాడు.

"యహా క్యా హై భాయ్? కోయ్‌లా హై, ధూల్ హై. ఔర్ క్యా హై?"

చుట్టూ ఉన్న అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నేను నవ్విన సంగతి తర్వాత చాలా రోజులు నన్ను వదల్లేదు.

వదలకపోవడానికి కారణం మా భాంజీ. తొమ్మిదో తరగతి చదువుతోంది. ఆ వలీమా అయిన వారానికే బడిలో టీచరమ్మ ఒక వ్యాసం రాయమంది: మీ ఊరి దగ్గర మీరు చూసిన ఒక ప్రదేశం. ఈ పిల్ల చార్మినార్ గురించి రాసుకుపోయింది. "చార్మినార్ మీ ఊరి దగ్గరుందా?" అని వాపస్ ఇచ్చారు. అప్పుడు నాకు ఫోన్ చేసింది. "మామూ, గోదావరి గురించి రాస్తున్నా. ఒడ్డు మీద ఇసుక ఉంటదా, రాళ్లుంటయా?"

నాకు కాసేపు మాట రాలేదు. వాళ్ల ఇంటి నుంచి గోదావరి నాలుగు కిలోమీటర్లు కూడా ఉండదు. ఊరి పేరులోనే గోదావరి ఉంది. "నువ్వు చూడలేదా బేటా?" అంటే, "చూశా మామూ, బ్రిడ్జి మీద బస్సు పోయేటప్పుడు. బస్సు ఆగదు కదా" అంది. ఫిర్యాదులాగా కూడా అనలేదు. బస్సు ఆగదు, అంతే.

పద్నాలుగేళ్లు. నాలుగు కిలోమీటర్లు.

నా మాట సూటిగా చెప్తాను, కోపం వస్తే రానివ్వండి. "యహా క్యా హై" అన్నది అబద్ధం. అది మగవాళ్లం మన సౌకర్యం కోసం పుట్టించుకున్న అబద్ధం. చూడ్డానికి ఏమీ లేదని తేల్చేస్తే ఎవర్నీ ఎక్కడికీ తీసుకుపోయే జిమ్మేదారీ ఉండదు. ఏడాదికో రెండేళ్లకో ఒకసారి హైదరాబాద్, అక్కడ షాపింగు, లేదంటే ఊటీలో చిన్నోడి వాంతులు. మిగతా మూడు వందల అరవై రోజులు ఇంట్లో ఆడవాళ్లకు నాలుగు గోడలు, వంటిల్లు, ఎవరిదో ఒకరి దావత్.

అబద్ధం అనడానికి సబూత్ మన ఫోన్లలోనే ఉంది. వానాకాలంలో మన నౌజవాన్ల స్టేటస్‌లు తెరిచి చూడండి. సబ్బితం జలపాతం కింద షర్టు విప్పి నిలబడ్డవాడు ఎవరు? మన మొహల్లా పిల్లోడే. గోదావరి ఒడ్డున చేపలు కాల్చుకు తిన్నది ఎవరు? చాచాలు, దులాభాయ్‌లు. మామిడి తోటలో దేగ్చీ పెట్టి పొద్దుగూకే దాకా పేకాడింది ఎవరు? అస్తగ్‌ఫిరుల్లా, పేర్లెందుకు. అంటే మర్దులకు ఇక్కడ చాలానే ఉంది. ఆపాలకు, ఖాలాలకు, బేటీలకు చెప్పేటప్పుడే "యహా క్యా హై".

ఏముందో నేను చెప్తాను. కూర్చోండి.

మా అబ్బా కోల్ ఫిల్లర్‌గా బాయిలోకి దిగినవాడు. నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు ఒకరోజు టిఫిన్ డబ్బాలో ఒక రాతి పలక తెచ్చాడు. బూడిద రంగు, అరచేయంత. దాని మీద ఒక ఆకు అచ్చు. నాలుక ఆకారంలో పొడుగ్గా, నడుమ ఈనె, అటూ ఇటూ వల అల్లినట్టు సన్నటి గీతలు. పెన్సిలుతో గీసినంత సాఫ్. అది ఏ చెట్టుదో అబ్బాకు తెలియదు. "అల్లా కీ ఖుద్రత్" అని నా చేతిలో పెట్టాడు. అమ్మీ దాన్ని ఏళ్ల తరబడి అచార్ బర్నీ మూత మీద బరువుకు పెట్టుకుంది.

పెద్దయ్యాక తెలిసింది, ఆ ఆకు పేరు గ్లాసాప్టెరిస్. ఇరవై ఐదు కోట్ల సంవత్సరాలకు పైబడ్డ మాట. ఇండియా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికా, అంటార్కిటికా అన్నీ ఒకే జమీన్‌గా అతుక్కుని ఉన్న కాలం. ఆ చెట్ల అడవులు బురదలో కూరుకుపోయి, మీద మట్టి పడి, నలిగి, ఉడికి బొగ్గయ్యాయి. అంటార్కిటికా మంచు కింద రాళ్లలో దొరికే ఆకు, మా అమ్మీ అచార్ బర్నీ మీద ఉన్న ఆకు ఒకటే ఖాందాన్. ఆ అడవి మీదే మన ఇళ్లున్నాయి. కోయ్‌లా హై అని ఎముక పక్కన పెట్టి నవ్వాడే భాయ్, ఆ కోయ్‌లా ఇది.

ఇంకో ముచ్చట. మన పిల్లల్ని హైదరాబాద్‌లో బిర్లా సైన్స్ మ్యూజియంకు తీసుకుపోతాం, అక్కడ నిలబెట్టిన డైనోసార్ అస్థిపంజరం ముందు ఫొటో దిగుతాం. ఆ జంతువు పేరు కోటాసారస్. జురాసిక్ కాలంది. దాని ఎముకలు దొరికింది ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లిలో, 1970లలో. మన ప్రాణహిత-గోదావరి లోయలో! దాని పూర్తి పేరులో ఆ ఊరి పేరు కూడా ఉంది, 1988లో పెట్టారు. మన ఇలాఖాలో పుట్టిన జానవర్‌ను చూడ్డానికి టికెట్ కొనుక్కుని హైదరాబాద్ పోయాం, అది మనదని తెలియకుండానే వాపస్ వచ్చాం. అదే హైదరాబాద్ నుంచి జనం ఇక్కడికి వస్తున్నారు. 2022 చివర్లో ఆర్టీసీ, సింగరేణి కలిసి 'సింగరేణి దర్శన్' అని బస్సు పెట్టాయి, బొగ్గు గనులు చూపించడానికి. మన అబ్బాలు ముప్పై ఏళ్లు చెమట కార్చిన చోటును చూడ్డానికి రాజధాని నుంచి ఏసీ బస్సు. మన బేటీల్లో ఎంతమందికి తమ అబ్బా పనిచేసే బాయి మొకద్దమ్ ఎలా ఉంటదో, ఓపెన్‌కాస్ట్ ఎంత లోతో తెలుసు? తెలిసిందల్లా మధ్యాహ్నం బ్లాస్టింగ్‌కు అల్మారాలో గిన్నెలు గలగలమనడం.

గనులంటే వినోదం కాదని నాకూ తెలుసు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీలోకి నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది మజ్దూర్లు చనిపోయారు. ఆ రోజు ఊరంతా ఎలా మూగబోయిందో నలభై దాటినవాళ్లకు గుర్తుంటుంది. ఇరవై ఏళ్ల పిల్లలను అడగండి, 7 ఎల్ఈపీ ఏ దిక్కున ఉందో చెప్పలేరు. సైర్ అంటే కేరింతలు ఒక్కటే కాదు. చనిపోయినవాళ్లు దిగిన చోటు ముందు పిల్లల్ని నిలబెట్టి చేతులెత్తి దువా చేయించడం కూడా సైరే.

ఇక రామగిరి. బేగంపేట దగ్గర బండి దిగి గుట్టకేసి చూస్తే ముందు అడవే కనిపిస్తుంది. ఎక్కడం మొదలుపెట్టాక ఒక దర్వాజా, కొంత దూరం పోయాక ఇంకొకటి, కూలిన బురుజులు, తోపులు, వాన నీళ్లు నిలిచే గుండాలు. ఏ రాజు తర్వాత ఏ సుల్తాన్ అన్న తారీఖ్ పుస్తకాల్లో చదువుకోవచ్చు. కాకతీయులున్నారు, బహమనీలున్నారు, కుతుబ్‌షాహీలున్నారు, ఒకరు పేర్చిన రాయి మీద ఇంకొకరు రాయి పేర్చారు. సీతారాముల కథలు చెప్పే మడుగులున్నాయి. గుట్ట నిండా మూలికలు. వైద్యం చదివే పిల్లలు ఆకులు గుర్తుపట్టడం నేర్చుకోవడానికి వస్తారు. మన దగ్గర యూనానీ దవా మీద అంత ఏతెబార్ ఉన్న ఇళ్లున్నాయి కదా. ఆ మూలికల్లో ఒక్కదాన్నైనా చెట్టు మీద ఉండగా చూసినవారెవరు?

"అది రాముడి గుట్ట, మనకెందుకు" అన్నారు ఒక పెద్దమనిషి, మస్జిద్ బయట చెప్పులు వేసుకుంటూ. అయ్యా, గుట్ట పాదాల దగ్గర ఊరి పేరు బేగంపేట. మంథని అవతల గోదావరిలో మొసళ్లుండే ఎల్ మడుగు పక్క ఊరి పేరు ఖాన్‌సాయిపేట. ఏ బేగం, ఏ ఖాన్ సాబ్ అన్నది పక్కన పెట్టండి. ఈ జమీన్ మీద మన పేర్లు ఉన్నాయి, మనుషులమే లేం. గుట్ట ఎక్కితే ఈమాన్ జారదు. చెప్పులు జారుతాయి, కాబట్టి బూట్లు వేసుకోండి.

పైగా మనదే అనుకునేదాన్ని మాత్రం మనం చూశామా? సగం మంది నికాలు కరీంనగర్ ఫంక్షన్ హాళ్లలోనే అవుతాయి. అక్కడి నుంచి సిరిసిల్ల రోడ్డు పట్టుకుంటే పావుగంటలో ఎల్గందుల్ ఖిల్లా. దాని మీద జఫరుద్దౌలా 1754లో కట్టించిన మస్జిద్, ఒక మీనార్ ఊపితే రెండోది కూడా కదులుతుందని చెప్పుకునే దో మీనార్. బారాత్‌లో పోయిన మూడు వందల మందిలో ముగ్గురు కూడా అటు తిరిగి చూడరు. నిజాం గురించి దస్తర్‌ఖాన్ మీద ఎంత మాట్లాడతాం! ఈ సింగరేణిలో మెజారిటీ షేర్లు 1945లో నిజాం సర్కార్ కొన్నదని ఆ మాట్లాడేవాళ్లలో ఎందరికి తెలుసు? ఫఖ్ర్ ఉంది, పహచాన్ లేదు.

ఖురాన్ మాట ఎందుకు తెస్తున్నావని అడక్కండి, తెచ్చేది మీరే. ఆడవాళ్లు బయటకు అనగానే ముందు దీన్ గుర్తొస్తుంది మనకు. సరే, అక్కడే మాట్లాడదాం. భూమ్మీద సైర్ చేసి సృష్టి ఎలా మొదలైందో చూడమన్న హుకుం సూరయే అన్కబూత్‌లో ఉంది. ఆ హుకుం మగవాళ్లకే అని నేను ఏ ఆలిమ్ నోటా వినలేదు. ఆకు అచ్చు ఉన్న రాయి కంటే మొదలెలా అయిందో చూపించేది ఇంకేముంది? ఇక ప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి.)తో ఒక సఫర్‌లో పరుగు పందెం వేశారు. మొదటిసారి ఆమె గెలిచారు, కొన్నేళ్ల తర్వాత ఇంకోసారి ఆయన గెలిచారు. అబూ దావూద్‌లో ఉంది. బీవీతో బయలు జాగాలో పరుగు పెట్టడం సున్నత్ అయినప్పుడు, బీవీతో గుట్ట ఎక్కడం ఎక్కడి బిద్అత్? మీరు గడ్డం సున్నత్ ఎంత పొడుగో కొలుస్తారు, ఈ సున్నత్ పేరైనా ఎత్తరు.

మహ్రమ్ లేకుండా సఫర్ ఎలా అంటారు. మహ్రమ్ మీరే కదా భాయ్. లేవండి.

పర్దా అడ్డం అన్న బహానా కూడా విన్నాను. బుర్ఖా వేసుకున్న ఆడవాళ్లు హైదరాబాద్ లాడ్ బజార్‌లో జనం ఒత్తిడిలో మూడు గంటలు నిలబడి గాజులు కొన్నప్పుడు అడ్డం రాని పర్దా, మనిషి పలచగా ఉండే నది ఒడ్డున ఎలా అడ్డం వస్తుంది? అడ్డం పర్దా కాదు. షాపింగ్‌కు ఒక మతలబ్ ఉంది, ఇంటికి సామాను వస్తుంది. ఊరికే కూర్చుని నీళ్లకేసి చూసే ఆడమనిషి మనకు నచ్చదు. ఆమె ఖాళీగా ఉంటే, చూస్తూ ఉంటే, ఏం ఆలోచిస్తుందో అని లోపల ఎక్కడో ఖౌఫ్.

మాహౌల్ మాట మాత్రం నేను తేలిగ్గా కొట్టెయ్యను. గుట్ట మీదికి ఐదుగురు బుర్ఖాలతో ఎక్కుతుంటే తిరిగి తిరిగి చూసేవాళ్లుంటారు. ఫోన్ ఎత్తి వీడియో తీసేవాడు ఉండొచ్చు. "మీకు ఇక్కడేం పని" అని అడిగేవాడూ తగలొచ్చు. ఆ చూపు నాకు తెలుసు. చేతిలో ప్రెస్ కార్డు ఉన్న నాకే అది తగులుతుంది, భుజం మీద సంచి ఉన్న ఖాలాకు ఎంత తగులుతుందో ఊహించగలను. ఈ డర్ అబద్ధం కాదు. కానీ దానికి మనం చేసుకున్న ఇలాజ్ ఏమిటి? కనబడకుండా పోవడం. మనం కనబడకపోయేకొద్దీ, ఎప్పుడన్నా కనబడ్డప్పుడు వింతగా చూసేవాళ్లు పెరుగుతారు. ప్రతి ఆదివారం రామగిరి మెట్ల మీద నాలుగు మన ఇళ్లవాళ్లు ఉంటే ఐదో ఇంటివాళ్లను ఎవడూ తిరిగి చూడడు. పోయిన ఏడాది మా ఇంటావిడా నేనూ దిగి వస్తుంటే కింద సీతాఫలాలు అమ్ముకునే ముసలమ్మ మా ఇంటావిడ చెయ్యి పట్టుకుని, "ఎండకు ఈ నల్లబట్ట ఎట్ల మోస్తున్నవ్ బిడ్డా" అని రెండు పళ్లు కొసరు వేసింది. అదీ మాహౌలే. దాని గురించి ఎవరూ స్టేటస్ పెట్టరు.

సర్కారును, కంపెనీని వదిలిపెడతానని అనుకోకండి. ఆడవాళ్లు ఒక పూట గడపాలంటే ముందు అడిగే సవాల్ పాయఖానా ఎక్కడ అని. ఈ ఇలాఖాలో చాలాచోట్ల దానికి జవాబ్ చెట్టు చాటు. తాగే నీళ్లు మనమే మోసుకుపోవాలి. జలపాతాల దగ్గర ప్రాణాలు పోయాయని పత్రికల్లో రాస్తాం, ఒక రైలింగ్, ఒక కాపలా మనిషి మాత్రం ఉండడు. కానీ అడిగిందెవరు? ఎలక్షన్ వచ్చిందంటే మన పెద్దలు లీడర్ల దగ్గరికి రెండు దరఖాస్తులు పట్టుకుపోతారు. ఖబరస్తాన్‌కు ప్రహరీ గోడ, షాదీఖానాకు నిధులు. నేను పాతికేళ్లుగా ఆ వార్తలే రాస్తున్నాను. చచ్చినవాళ్లకు గోడ, పెళ్లికి హాలు. నడుమ బతికే రోజుల కోసం ఒక్క దరఖాస్తు రాలేదు. నది ఒడ్డున ఆడవాళ్లకు ఒక గది, నాలుగు బెంచీలు కావాలని మన కమిటీలో ఒక్కరు సంతకం పెట్టినట్టు చూపించండి, ఈ రాతంతా తుడిచేస్తాను.

పైసల మాట ఎత్తకండి. ఊటీ వెళ్లొచ్చిన ఖర్చులో ఇక్కడ ఏడాదిలో ప్రతి ఆదివారం తిరగొచ్చు, ఇంటి నుంచి ఖిచిడీ, ఖట్టా కట్టుకుపోయి.

ఒకటి మాత్రం నిజం, ఇక్కడ దేనికైనా గడువు ఉంది. 2019లో సుందిళ్ల బ్యారేజీ నిండాక గోదావరిఖని దగ్గర నది ఎలా ఉండేదో గుర్తుందా? ఎండాకాలంలో కూడా ఒడ్డు నుంచి ఒడ్డుకు నీళ్లు. నా చిన్నప్పుడు ఇసుక తిన్నెల మీద నడిచి పాయ వెతుక్కున్న నది అది. 2023 అక్టోబర్‌లో మేడిగడ్డ పిల్లర్లు కుంగాయి, ఆ తర్వాత అన్నారం, సుందిళ్లలో కూడా నీళ్లు వదిలేశారు. మళ్లీ ఇసుక తేలింది. నాలుగేళ్లు నిండు నది మన గుమ్మం ముందు నిలబడి పోయింది. మా భాంజీకి అప్పుడు తొమ్మిదేళ్లో పదేళ్లో. ఆ నాలుగేళ్లలో ఒక్క సాయంత్రం ఆ పిల్లను ఎవరం తీసుకుపోలేదు. వాళ్ల అబ్బా తీసుకుపోలేదు, మామూనైన నేనూ తీసుకుపోలేదు.

బొగ్గు సంగతి ఇంకా తొందర. ఓపెన్‌కాస్ట్ వచ్చినచోట ఊళ్లు లేచిపోతాయి, ఒర్రెలు దారి మారతాయి, పొలాలున్నచోట మట్టి గుట్టలు లేస్తాయి. మా దోస్త్ ఒకతను తను పుట్టిన ఊరు చూపిస్తానని పిల్లల్ని బండి మీద తీసుకుపోయి, గొయ్యి అంచున తీగల కంచె దగ్గర నిలబడి గాల్లోకి వేలు చూపించి వచ్చాడు. "వో దేఖో, వహా అప్నా ఘర్ థా." వహా అంటే మూడు వందల అడుగుల గాలి. చూడని జాగా పోతే పోయిందని కూడా తెలియదు. పోయాక పరిహారం ఎంత అన్నది ఒక్కటే మాట్లాడతాం. ఎలా ఉండేది అని మాట్లాడాలంటే చూసి ఉండాలి కదా.

మా ఉర్దూ మీడియం బడిలో జుగ్రాఫియా పాఠంలో దజ్లా, ఫురాత్, నీల్ నదుల పేర్లు బట్టీ పట్టాం. బాగ్దాద్ ఏ నది ఒడ్డున ఉందో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఇబ్న్ బతూతా 1325లో ఇరవై ఒక్క ఏళ్ల వయసులో మొరాకోలో ఇల్లు వదిలి బయలుదేరాడని కూడా నేర్చుకున్నాం, కాలర్ ఎగరేసుకుని చెప్పేవాళ్లం. ఊరవతల నదిని మాత్రం డిగ్రీలో తెలుగు చదివేటప్పుడు పద్యాల్లో కలిశాను. దాని ఒడ్డునే పుట్టినవాణ్ణి! అందుకని పిల్లల్ని అనను. మన దగ్గరే ఎంత విచిత్రాలున్నాయో మనకే సోయి లేదు. 8 ఇంక్లైన్ అనే బాయి నంబరు కాలనీ పేరైంది, అది నలిగి నలిగి 'యైటింక్లైన్' అని పోస్టాఫీసు పేరు దాకా ఎక్కింది. దునియాలో ఇలాంటి పేరున్న ఊరు ఇంకోటి ఉంటుందా? ఎన్టీపీసీ రిజర్వాయర్ నీళ్ల మీద 500 ఎకరాల్లో 100 మెగావాట్ల సోలార్ పలకలు తేలుతున్నాయి, 2022 జూలై నుంచి. నల్లటి చాపలు పరిచినట్టు. బొగ్గు కాల్చే కార్ఖానా పెరట్లో ఎండతో కరెంటు. దీని మీద బయటివాళ్లు వీడియోలు చేస్తారు, మనం చూసి లైకు కొడతాం.

ఇంతసేపు మిమ్మల్ని అన్నాను. ఇప్పుడు నా వంతు.

అబ్బా రిటైరయ్యే ముందు మేం సెంటినరీ కాలనీ క్వార్టర్లో ఉండేవాళ్లం. అక్కడి నుంచి రామగిరి గుట్ట కనిపిస్తుంది. పొద్దున నీలంగా, వానాకాలంలో మబ్బు తగిలించుకుని. అమ్మీ బట్టలు ఆరేస్తూ దానికేసి చూసేది. ఒకరోజు నేను పత్రిక పని మీద ఆ గుట్ట ఎక్కి, దుమ్ము కొట్టుకుని ఇంటికొచ్చాను. ఖిల్లా మీద పెద్ద కథనం రాశాను, ఫొటోలతో జిల్లా పేజీలో వచ్చింది. మంచినీళ్ల గ్లాసు ఇస్తూ అమ్మీ అడిగింది:

"వహా క్యా హై బేటా?"

వలీమాలో ఆ భాయ్ అన్నదీ అదే మాట. ఆయన నోట్లో అది తలుపు వేసెయ్యడం. అమ్మీ నోట్లో అది సవాల్, జవాబ్ కావాలి. నేను అలసిపోయి ఉన్నాను. చెప్పులు విప్పుతూ అన్నాను, "కుచ్ నై అమ్మీ. పత్థర్ హై."

మూడు కాలమ్‌ల కథనం పరాయి జనానికి రాసినవాణ్ణి, అమ్మీకి చెప్పింది రెండు ముక్కలు. తర్వాత కూడా ఆ గుట్ట ఎన్నిసార్లు ఎక్కానో లెక్కలేదు. దోస్తులతో, ఫొటోగ్రాఫర్లతో, హైదరాబాద్ నుంచి వచ్చిన మెహమాన్లతో. ఒక్కసారి కూడా "చలో అమ్మీ" అనలేదు. అప్పుడామెకు నలభై ఎనిమిది. మోకాళ్లు గట్టిగా ఉన్నాయి, నీళ్ల బిందె ఎత్తుకుని రెండంతస్తులు ఎక్కేది. ఇప్పుడు డెబ్బై దాటింది. నమాజ్ కుర్చీలో కూర్చుని చదువుతుంది.

భాంజీ ఫోన్ వచ్చిన రాత్రి ఈ ముచ్చటంతా అమ్మీకి చెప్పి మాఫీ అడిగాను. ఆమెకు ఆ రోజు గుర్తే లేదు. "పత్థర్ హై బోలే నా? పత్థరోఁ పే క్యా హై?" అంది. ఈసారి కూర్చుని చెప్పాను. దర్వాజాలు, తోపులు, గుండాలు, మూలికలు. ఇషా అజాన్ దాకా చెప్పాను. మధ్యలో లేచి వంటింట్లోంచి ఆ రాతి పలక పట్టుకొచ్చింది. బర్నీ ఎప్పుడో పగిలింది, రాయి ఉంది. ఆకు మీద నూనె మరక పడి ఇంకా సాఫ్‌గా కనిపిస్తోంది. "యే భీ వహీఁ కా హై?" అని అడిగింది. అక్కడిది కాదు అమ్మీ, దాని కింద లోతుల్లోది అన్నాను.

వానలు తగ్గాయి, గుట్ట ఇంకా పచ్చగా ఉంది. వచ్చే ఆదివారం ఫజర్ తర్వాత బయల్దేరుతున్నాం. ముందు గోదావరి ఒడ్డు, భాంజీ ఇసుకా రాళ్లా తేల్చుకోవాలి. అక్కడి నుంచి బేగంపేట, రామగిరి. మా ఇంటావిడ, ఆపా, భాంజీ, నేను పైకి ఎక్కుతాం. అమ్మీ కింద చెట్టు నీడన చాప వేసుకుని కూర్చుంటానంది. పైనుంచి వీడియో కాల్ చేస్తా నానీ అని భాంజీ హామీ ఇచ్చింది, సిగ్నల్ దొరకాలి. దులాభాయ్‌కు డ్యూటీ ఉందట.

జీపు మాట్లాడాను. ఎనిమిది మంది పడతారు, మేం ఐదుగురం. మూడు సీట్లు ఖాళీగా ఉన్నాయి.